పేరు నిలబెట్టేదెవరు?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో ఉర్దూ మాట్లాడే మన ఇళ్ళలో మస్జిద్‌ను ‘అల్లాహ్ కా ఘర్’ అంటాం. బైబిల్‌లోని ‘బేతేలు’ అనే ఊరి పేరుకూ అర్థం ఇదే. హీబ్రూలో ‘బేత్’ అంటే ఇల్లు, ‘ఏల్’ అంటే దేవుడు. అరబీ ‘బైత్’ దానికి తోబుట్టువు. ఆదికాండం ప్రకారం ఆ ఊరి పాత పేరు లూజు. హజ్రత్ యాఖూబ్ (అలైహి) అక్కడ రాతిపై తల ఆన్చి నిద్రించి, కల కని, ఈ పేరు పెట్టారు.

తర్వాతి కాలంలో యరొబాము రాజు అక్కడే బంగారు దూడను నిలిపాడు. అప్పుడు హోషేయ గ్రంథం ఆ చోటినే ‘బేతావెను’, అంటే పాపపు ఇల్లు, అని దెప్పిపొడిచింది.

మరి పేరు స్థలానికి పవిత్రతనిస్తుందా? దివ్య ఖుర్‌ఆన్ తౌబా సూరా (9:107-108) దీనికి జవాబిస్తోంది. విశ్వాసుల్ని చీల్చడానికి కపటులు ఒక మస్జిద్ కట్టారు. అందులో నిలబడవద్దని దైవప్రవక్త (సఅసం)కు ఆదేశం వచ్చింది. పేరు మస్జిదే, ఉద్దేశం మాత్రం హాని! దైవభీతిపై పునాది వేసిన మస్జిదే నమాజుకు తగినదని అక్కడే ఉంది.

సోదర సోదరీమణులారా! ఒకే సఫ్‌లో నిలబడి, సలాం ముగియగానే ముఖాలు తిప్పుకుంటే, గోడమీది పేరు మనల్ని కాపాడుతుందా? ఆ ఇంటి పేరును నిలబెట్టవలసింది అందులో నిలబడే మనమే.