ఈ ఇల్లు ఎవరు కడుతున్నారు?

నిర్మల్ దగ్గర మా ఊళ్ళో, పొలం ఒడ్డున, మేము రెండు గదుల చిన్న ఇల్లు కట్టుకుంటున్నాం. దీపావళి వెళ్ళాక పునాది తీశాం. సంక్రాంతికి లింటెల్ దాకా వచ్చింది. పత్తి ఏరే రోజులు కావడంతో కూలీలు దొరక్క, వారంలో మూడు రోజులే పని నడిచింది. పుష్యమాసంలో ఎలాగూ గృహప్రవేశం చెయ్యం కదా అని బాపు సర్దుకున్నాడు. ఫోను చేసినవాళ్ళందరికీ నేను “ఇల్లు కట్టుకుంటున్నాం” అనే చెప్తున్నాను. ఆ వాక్యంలో కర్త ఎవరన్న ప్రశ్న మాత్రం ఈ చలికాలంలోనే మొదలైంది.

చలిలో సిమెంటు నెమ్మదిగా గట్టిపడుతుంది. ఎండ లేదు కదా అని తడపడం మానేస్తే పొడిగాలి తేమంతా లాగేస్తుంది. అందుకని కట్టిన ప్రతి వరసకీ వారం పది రోజులు నీళ్ళు పట్టాలి. ఆ పని అమ్మది. ఎవరూ చెప్పలేదు, తనే తీసుకుంది. తెల్లవారుజామున శాలువా కప్పుకుని, పైపు పట్టుకుని, మంచులో గోడల చుట్టూ తిరుగుతుంది. ఖర్చుల పుస్తకం నేను రాస్తాను. ఇటుక, ఇసుక, సిమెంటు, మేస్త్రీ కూలి అన్నీ అందులో ఉన్నాయి. అమ్మ పట్టిన నీళ్ళకి గడి లేదు.

ఆ పుస్తకంలోనే ఇంకోటి కనబడింది. పారతో మాలు కలిపే మగమనిషికి 800 రూపాయలు. ఆ మాలు తట్టలో మోసి పైకి అందించే ఆడమనిషికి 500. మూడు వారాలుగా నా చేత్తో నేనే రాస్తున్నాను. స్త్రీల కథల్లో శ్రమ గురించి పిహెచ్‌డి రాసిన చెయ్యి! సమాన వేతన చట్టం 1976లో, నేను పుట్టకముందే వచ్చింది. మేస్త్రీని అడిగితే “రేటు గంతే మేడమ్” అన్నాడు. ఆ సాయంత్రం మిగతా 300 ఆమె చేతిలో పెట్టాను. తీసుకుంది. కాసేపాగి, “మీరిస్తరు మేడమ్. మీదొక్క ఇల్లు. మేస్త్రీకి తెలిస్తే పక్కూరి పనికి నన్ను పిలుస్తడా?” అంది.

నేను చేసింది దయ. ఆమెకి కావలసింది రేటు. ఆ రెంటికీ మధ్య ఎంత దూరముందో నా థీసిస్‌లో రాయలేదు.

మా పని అయ్యేదాకా ఆడవాళ్ళందరికీ 800 అని మేస్త్రీతోనే చెప్పించాను. మరి ఆ డబ్బు ఎక్కడ తగ్గించాలి? ఇంట్లో అందరికీ మొదట తట్టింది వంటగది గట్టు బండ. అడక్కముందే “నాకెందుకు, సిమెంటు గట్టు చాలు” అంది అమ్మ. ఒక స్త్రీకి న్యాయం చేయడానికి ఇంకో స్త్రీ నుంచి తీసుకోవడం ఎంత తేలికో చూడండి! ముందువైపు బాపు వేయించుకుందామనుకున్న అరుగు ఆపుదామన్నాను. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. చివరికి అరుగు ఆగింది.

జాన్ లాక్ 1689లో, మనిషి తన శ్రమని దేనితో కలిపితే అది అతని ఆస్తి అవుతుందన్నాడు. అదే అధ్యాయంలో తన నౌకరు కోసిన గడ్డి చెక్కలు కూడా తనవేనంటాడు. నౌకరు శ్రమ ఏ చప్పుడూ లేకుండా యజమాని శ్రమ అయిపోయింది. స్వావలంబనకి ఆదర్శంగా మనం పాఠం చెప్పే థోరో సంగతీ అంతే. 1845లో వాల్డెన్ చెరువు దగ్గర కట్టుకున్న గుడిసెకి 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లయిందని లెక్క రాశాడు. నేల ఎమర్సన్‌ది. పలకలేమో రైలుమార్గం పనిచేసే ఐరిష్ కూలీ జేమ్స్ కాలిన్స్ గుడిసెని 4 డాలర్ల పాతిక సెంట్లకి కొని ఊడదీసినవి. లోపలికి పిలిచి ఆ గుడిసెని చూపించింది కాలిన్స్ భార్య. ఆ పుస్తకంలో ఆమెకి మిగిలింది మొగుడి ఇంటిపేరులో మొదటి అక్షరమే. థోరోని తప్పు పట్టడం తేలికే. అతను లెక్కయినా దాచలేదు. నా లెక్కల పుస్తకం అతనిదానికన్నా నిజాయితీగా ఉందా?

ఇక మిగిలింది పేరు. భూమి బాపుది. అమ్మకి పుట్టింట్లో ఏమీ రాలేదు. ఆంధ్రప్రదేశ్ 1986లో తెచ్చిన సవరణ, 1985 సెప్టెంబరు 5 నుంచి, ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి హక్కిచ్చింది, కానీ అప్పటికే పెళ్ళయినవాళ్ళకి కాదు. అమ్మ పెళ్ళి 1984లో. మేనమామలు 1998లో రిజిస్టరు పంపకాలు చేసుకున్నారు. 2005 కేంద్ర సవరణ పెళ్ళితో సంబంధం లేకుండా కూతుళ్ళని చేర్చుకుంది, అయితే 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరయిన పంపకాలని కదపలేదు. రెండు చట్టాలూ అమ్మ పక్కనుంచే వెళ్ళిపోయాయి.

ఇంటి జాగా అమ్మ పేర గిఫ్టు రాయమని బాపుని అడిగాను. “ఎవరి పేరైతేంది, అందరం ఒక్కటే గద” అన్నాడు. నిజంగా ఒక్కటే అయితే అమ్మ పేరుండటానికి అడ్డమేముంది? తమ్ముడు ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. అమ్మ లేచి గోడలు తడపడానికి వెళ్ళిపోయింది. ఆమెకి ఇష్టం లేదేమో, ఆమె తరఫున నేను మాట్లాడటం కూడా ఒక పెత్తనమేనేమో అని రాత్రంతా అనుకున్నాను.

తెల్లారి ఆ చలిలో పైపు పట్టుకుని నిలబడ్డ అమ్మ పక్కకెళ్ళి నుంచున్నాను. నా వైపు చూడకుండానే అడిగింది: “రిజిస్ట్రేషన్‌కు ఎంతైతది బిడ్డా?”