శ్రీశైలారణ్యమున యాత్రికుని ధర్మము



ఉగాది సమీపింపగనే కన్నడ, మరాఠ సీమలనుండి వేలకొలది భక్తులు ఆత్మకూరు మీదుగ నల్లమల ప్రవేశింతురు. నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను దాటి కైలాసద్వారము చేరువఱకు వారి నడక అడవిలోనే సాగును. ఎదపై లింగమును ధరించినవానికి కొండ యాత్ర యేల యని యడుగువారు కలరు. ఆ చర్చ వేఱు. ఆ నడచెడు నేల యెవరిదని మాత్రము ఇచ్చట విచారింపవలసియున్నది.

ఈ యడవి 1978లో అభయారణ్యమైనది. 1983లో పులుల సంరక్షణ పథకమున చేరినది. పులి, చిరుత, ఎలుగు, కణుజు, అడవిపంది దీని నివాసులు. చెంచులు మల్లయ్యను తమ యల్లునిగ నెంచుకొందురు. అల్లుని చూడబోవువారు అత్తవారి యూరి మర్యాద నెఱుగవలదా?

మర్యాద తప్పినచోట భయము పుట్టును. 2023 ఆగస్టులో తిరుమల నడకదారిని ఆరేండ్ల బాలికను చిరుత పొట్టనబెట్టుకొన్నది. ఆ తల్లిదండ్రుల దుఃఖమునకు మాటలు చాలవు. అటుపిమ్మట చిరుతలను బోనులలో పట్టిరి. మధ్యాహ్నము దాటిన తరువాత పసిపిల్లలను ఆ దారిని పోనీయలేదు. యాత్రికులను గుంపులుగ నడిపించిరి. మృగములన్నిటిని పట్టి దూరపు టడవులలో విడిచిన చాలదా యని పలువు రనిరి. మహారాష్ట్రమున జున్నరు ప్రాంతమున 2001 మొదలుకొని అట్లే చేసి చూచిరి. విడిచిన చోటుల చెంత మనుష్యులపై దాడులు పెరిగినవే కాని తగ్గలేదు. పరాయిచోట పడిన చిరుత దిక్కుతోచక తిరుగును. అది ఖాళీచేసిన తావునకు వేఱొక చిరుత వచ్చును.

కనుక చిరుతను దారికి రప్పించు కారణమేదో చూడవలెను. దారిపొడవున దాసోహములు నడచును. ఆకలిగొన్న బాటసారికి అడవినడుమ అంబలి పోయుట గొప్ప సేవ, సందేహము లేదు. కాని విస్తరాకులు, మిగులన్నము, ప్లాస్టిక్కు సంచులు అచ్చటనే పాఱవేసి వచ్చినచో కోతులు, పందులు, ఊరకుక్కలు అచ్చటికి మరగును. కుక్కకొఱకు చిరుత వచ్చును. అన్నము పెట్టిన పుణ్యము, ఎంగిలి వదలిన పాపము ఒకేచోట కూడుట దాసోహమెట్లగును? కారు నిలిపి కోతులకు బిస్కత్తులు విసరి భూతదయ యని మురియువారి సంగతి చెప్పనక్కఱలేదు. బసవేశ్వరుడు ధర్మమునకు మూలముగ నిలిపిన దయ యిది కాదు. ఊడ్చుటయు కాయకమే కదా!

ఎలుగుబంటి తీరు వేఱు. చెదలు, తేనె, తునికిపండ్లు దాని ఆహారము. దానికి మనుష్యునిపై పగ లేదు. ఎదుట హఠాత్తుగ కనబడిన, ముఖ్యముగ పిల్లలతోనున్న వేళ, బెదరి పైబడును. ఒంటరిగ, నిశ్శబ్దముగ పొదలచాటున పోవుట అందుచేతనే ప్రమాదము. “చేదుకో మల్లన్నా” యని గుంపుగ పలుకుచు నడచు భక్తుని రాకను అది ముందే పసిగట్టి తప్పుకొనును. దానికి గొంతుక చాలును, మైకులు వలదు.

అడవియంచు పల్లెలలోని పశువుల కాపరి బాధను గూడ తలపవలెను. మేకను పోగొట్టుకొన్నవానికి అహింసాబోధ చేయుట సులభము. అతడు కోపమున కళేబరముపై విషము చల్లినచో పులితోపాటు నక్కలు, పక్షులు, వాని కుక్కయే చచ్చును. విషము జోలికి పోకముందే అటవీశాఖకు తెలిపి పరిహారము కోరునట్లు అతనికి తోడ్పడవలెను; దరఖాస్తు వ్రాయనేర్చినవాడు వ్రాసిపెట్టవలెను. కప్పుగల గట్టి దొడ్డి కట్టుటకు మఠములు కొంత ద్రవ్యమిచ్చిన, అదియు దాసోహమే.

వచ్చు ఉగాదికి దాసోహము నడపువారు బియ్యపు బస్తాలతోపాటు ఖాళీ గోనెలను లెక్కపెట్టి కొనిపోవుదురు గాక. యాత్ర ముగిసిననాడు అవి నిండి, ఆత్మకూరికి తిరిగి రావలెను.