పటానికి మర్యాద ఎక్కడ మొదలవుతుంది?

క్రీస్తు, మరియమాత, పునీతుల పటాలను, స్వరూపాలను ఎలా నిలిపితే మర్యాద, ఎలా నిలిపితే అమర్యాద అన్న ప్రశ్న కతోలిక తిరుసభకు కొత్తది కాదు. స్వరూపం అంటే రాతిలోనో కొయ్యలోనో మట్టిలోనో మలచిన ప్రతిమ. బైబిలు వాడుకలో విగ్రహం అన్న మాటకు నిషిద్ధమైన ఆరాధన అనే అర్థం అంటుకొని ఉండటంవల్ల, తెలుగు కతోలికులు తమ ప్రతిమలకు స్వరూపం అన్న పేరే వాడుతూ వచ్చారు. ఈ పేరులోనే సగం జవాబు ఉన్నది: స్వరూపం మరొకరి రూపమే గాని, తానుగా ఏదీ కాదు. కనుక దానికి జరిగే మర్యాదను పీఠం ఎత్తుతోనో దీపాల వరుసతోనో కొలవడం కుదరదు. చూసేవారి మనస్సును అది ఎవరి వైపు తిప్పుతున్నదన్నదే అసలు కొలత.

కర్నూలు, కడప సీమల్లో ఈ ప్రశ్న మరింత పదునెక్కుతుంది. 18వ శతాబ్దంలో ఫ్రెంచి యేసు సభ గురువులు కర్ణాటక మిషన్ పేరిట రాయలసీమలో కతోలిక సంఘాలకు పునాది వేశారు. నెల్లూరు మేత్రాసనం నుంచి, అంటే ఒక పీఠాధిపతి పాలనలో ఉండే ప్రాంతం నుంచి, 1967లో కర్నూలు, 1976లో కడప వేరుపడి సొంత మేత్రాసనాలయ్యాయి. మరోవైపు లండన్ మిషనరీ సొసైటీ 1822లోనే కడపలో పని మొదలుపెట్టగా, ఆ బాటలో వచ్చిన ప్రొటెస్టెంటు సంఘాలు పది ఆజ్ఞల్లోని విగ్రహ నిషేధాన్ని అక్షరాలా పాటిస్తూ దేవాలయంలో ప్రతిమలు లేకుండానే ఆరాధిస్తాయి. అదే కడపలో ఉగాదినాడు ముస్లింలు దేవుని కడప వేంకటేశ్వరుని దర్శనానికి వస్తారు, అమీన్ పీర్ దర్గాకు హిందువులు వెళతారు. ప్రతిమను కొలిచేవారు, ప్రతిమను ఒల్లనివారు, పరుల పవిత్ర స్థలానికి తలవంచేవారు ఒకే వీధిలో కాపురముండే చోట, ఒక పటాన్ని ఎలా నిలిపారన్నది ఇరుగుపొరుగు కూడా గమనించే విషయమే అవుతుంది.

తిరుసభ ఇచ్చిన సమాధానానికి ఒక చరిత్ర ఉన్నది. 8వ శతాబ్దంలో బైజాంటైన్ చక్రవర్తి మూడవ లియో ప్రతిమలను నిషేధించినప్పుడు, దమస్కు యోహాను అనే వేదాంతి ప్రతిమల పక్షాన వాదించాడు: కంటికి కనిపించని దేవుణ్ణి చిత్రించడం తగదు గాని, ఆ దేవుడే క్రీస్తులో మనిషియై కనిపించాడు గనుక ఆ కనిపించిన రూపాన్ని చిత్రించవచ్చునన్నాడు. 787లో జరిగిన రెండవ నైసీయా మహాసభ ఈ వాదాన్ని స్వీకరించి, ఆరాధన వేరు, వందనం వేరు అని తీర్మానించింది. ఆరాధన దేవునికి మాత్రమే చెల్లుతుంది. ప్రతిమకు చేసేది వందనం, ఆ వందనం ప్రతిమ దగ్గర ఆగక అందులోని వ్యక్తికి చేరుతుంది. గ్రీకులో రెండు వేర్వేరు పదాలతో చెప్పిన ఈ భేదాన్ని పూజ అన్న ఒక్క మాట తెలుగులో కలిపేస్తుంది, కాని దండం అన్న మాట తేటపరుస్తుంది. తెలుగువారు దేవునికీ దండం పెడతారు, గురువుకూ పెడతారు, ఊరికి బయలుదేరేముందు తల్లిదండ్రులకూ పెడతారు, అయితే తల్లిని దేవునిగా ఎంచి ఆ దండం పెట్టామని ఎవరూ అనుకోరు. మరియమాత స్వరూపం ముందు జోడించిన చేతులను ఈ వెలుగులో చూస్తే నైసీయా తీర్మానం సీమ పల్లెకు పరాయిదిగా తోచదు.

మర్యాద మొదట ఇంటి గోడ మీద కనిపిస్తుంది. పాత ఇళ్లలో గోడకు వదిలిన గూటిలో యేసు తిరుహృదయ పటం ఉంటుంది. తిరుహృదయమంటే మానవుల మీది ప్రేమతో మండుతున్నట్లు, ముళ్లకిరీటం చుట్టినట్లు చూపే క్రీస్తు హృదయం. విచారణ గురువు, అనగా ఆ ప్రాంతపు దేవాలయ బాధ్యత వహించే ఫాదర్, ఇంటికి వచ్చి ప్రార్థన చేసి ఈ పటాన్ని నిలపడాన్ని ప్రతిష్ఠ అంటారు. దాని ముందు ఒక కొవ్వొత్తి, పక్క మేకుకు జపమాల, అంచున చెక్కిన కనకాంబరాలు, పటం వెనుక మ్రానికొమ్మల ఆదివారంనాడు, అంటే క్రీస్తు యెరూషలేము ప్రవేశాన్ని స్మరించే రోజున, దేవాలయం నుంచి తెచ్చిన ఈతాకు, అది ఏడాదికి ఎండి పసుపుపచ్చగా మారిన తీరు, ఇవన్నీ కలిసి ఆ గూటిని ప్రార్థనాస్థలం చేస్తాయి. ఇల్లంతా ఒకే గది అయినప్పుడు అదే గోడకింద శనగకాయల మూటలు ఉండవచ్చు, అక్కడే పొయ్యి రాజేయవచ్చు, పటం అద్దానికి పొగ పట్టవచ్చు. ఇది అమర్యాద కాదు, ఎందుకంటే పేదరికం ఎన్నడూ అమర్యాద కాదు. పాలరాతి మందిరంలో ఖరీదైన స్వరూపాన్ని నిలిపి, ఇంటిల్లిపాదీ కలిసి ఒక్క సాయంకాలమైనా దాని ముందు మోకరిల్లకపోతే, అది ఇంటి అలంకారంగా మిగిలిపోతుంది గనుక అదే అసలైన లోపం.

దేవాలయంలో ఈ మర్యాదకు రాసిపెట్టిన నియమాలున్నాయి. ప్రతిమలను నిలిపే ఆచారం కొనసాగాలని, అయితే అవి మితమైన సంఖ్యలో, తగిన క్రమంలో ఉండాలని రెండవ వాటికన్ మహాసభ 1963లో ఇచ్చిన దైవార్చన చట్టమూ, 1983 నాటి తిరుసభ చట్టస్మృతిలోని 1188వ సూత్రమూ చెబుతున్నాయి. దివ్యబలిపూజ నియమావళి సాధారణంగా ఒక పునీతునికి ఒకటికి మించి ప్రతిమ ఉండరాదంటుంది. భక్తి పెరిగినకొద్దీ దాతలు స్వరూపాలు ఇస్తూ పోతే బలిపీఠం చుట్టూ స్వరూపాలు గుంపుకట్టి, దివ్యసత్ప్రసాదం మీద, అంటే క్రీస్తు శరీరంగా విశ్వసించే అప్పం మీద, నిలవవలసిన చూపు చెదిరిపోతుంది. పీఠం మీద పునీతుని పేరుకంటే దాత పేరు పెద్ద అక్షరాల్లో కనిపించే చోట ప్రతిమ దాతకు ప్రకటనగా మారుతుంది. మితం పాటించమనడం భక్తిని తగ్గించమనడం కాదు, భక్తి దారి తప్పకుండా చూడటం.

వీధిలోకి వచ్చేసరికి ప్రశ్న చిక్కబడుతుంది. సెప్టెంబరు 8న మరియమాత జన్మదినాన తేరు మీద స్వరూపాన్ని ఊరేగించేటప్పుడు పట్టుచీర కట్టడం, పూలమాలలు వేయడం, హారతి ఇవ్వడం పరాయి ఆచారాలని కొందరు ఆక్షేపిస్తారు. కాని పూలతో, ధూపంతో, దీపంతో ఇచ్చే హారతికి, అంజలి ఘటించడానికి 1969లో రోము ఆమోదించిన పన్నెండు అంశాల్లోనే చోటు దొరికింది. అవి భారతదేశంలో దైవార్చనను ఈ నేల మర్యాదలకు దగ్గర చేయడానికి అనుమతించిన మార్పులు. తమ తల్లికి ఏ గౌరవం చేస్తారో ఆ గౌరవాన్నే మరియమాతకు చేయడంలో తప్పులేదు. తప్పు మరో రెండు చోట్ల ఉన్నది. ఊరేగింపు దారి పొడవునా కట్టే ఫ్లెక్సీల మీద నాయకుల ముఖాలు పెద్దవై, మరియమాత ఒక మూల తపాలా బిళ్లంత రూపంలో ఒదిగిపోవడం మొదటిది. తేరు ఎవరి భుజాల మీద సాగాలి, ఏ వీధిలోకి మళ్లాలి అన్నది కులం తేల్చడం రెండవది, మరింత బరువైనది. కర్నూలు, కడప మేత్రాసనాల విశ్వాసుల్లో అధిక భాగం దళితులు. చిందుకూరులో పుట్టి, 2008లో కర్నూలు పీఠాధిపతియై, 2022లో కార్డినల్ అయిన పూల ఆంతోని దళితుల్లోంచి ఆ స్థానానికి చేరిన మొదటివారు. తిరుసభలో కులవివక్ష ఉన్నదని భారత కతోలిక పీఠాధిపతులే 2016లో వెలువరించిన విధానపత్రంలో ఒప్పుకున్నారు. ఒక వీధిని తప్పించి తిరిగిన తేరు మీది స్వరూపానికి ఎన్ని పూలు వేసినా ఆ వందనం మరియమాతకు చేరదు, ఎందుకంటే ఆమె కన్న కుమారుడు ఏ వీధినీ తప్పించి నడవలేదు.

ఉత్సవం ముగిశాక అదే ఫ్లెక్సీ గడ్డివామి మీదికో, కళ్లంలో ఆరబోసిన శనగకాయల కుప్ప మీదికో చేరుతుంది. వాన పడితే పంట తడవకుండా కాపాడే ఆ గుడ్డను పారేయలేని రైతును తప్పుపట్టేముందు ఒక భేదం గుర్తించాలి. ఆశీర్వాదం ద్వారా దైవారాధనకు అంకితమైన వస్తువులను, అవి వ్యక్తుల సొంతమైనా సరే, లౌకికమైన, తగని పనులకు వాడరాదని చట్టస్మృతి 1171వ సూత్రం చెబుతుంది. ఫ్లెక్సీ ఆశీర్వాదం పొందిన వస్తువు కాదు గనుక ఆ సూత్రం దానికి నేరుగా వర్తించదు. అయినా అచ్చువేయించేటప్పుడే ఆ ముఖం చివరికి ఎక్కడికి చేరుతుందో ఆలోచించి, తేదీలు, వివరాలు అక్షరాల్లో రాయించి, రూపాన్ని దేవాలయానికే ఉంచుకోవడం ఉత్సవం జరిపించేవారి బాధ్యత. మూత్రం పోయకుండా గోడల మీద సిలువను, శివుణ్ణి, మసీదు బొమ్మను వరుసగా అతికించే టైల్స్‌కైతే ఈ పాటి సమర్థన కూడా లేదు. అక్కడ ఆ రూపాలు ప్రార్థనకు పిలవడంలేదు, కాపలా కాస్తున్నాయి. మూడు మతాల పవిత్ర చిహ్నాలను మురికి పక్కన నిలబెట్టి జనం భయాన్ని వాడుకోవడం ఏ మతానికీ గౌరవం కాదు.

చివరి పరీక్ష పటం పాతబడినప్పుడు ఎదురవుతుంది. అద్దం పగిలి, రంగు వెలసి, చెదలు పట్టిన పటాన్ని చెత్తకుప్పలో వేయకూడదు. శుభ్రమైన చోట కాల్చడమో, మనుషుల కాళ్లు పడని చోట మట్టిలో పూడ్చడమో కతోలిక ఆచారం. దీనికి ఒరవడి దేవాలయంలోనే ఉన్నది. ఏడాదిపాటు పటం వెనుక ఎండిన ఈతాకును తిరిగి తెచ్చి కాల్చి, ఆ బూడిదనే విభూది బుధవారంనాడు, అంటే ఈస్టరుకు ముందు తపస్సు కాలం మొదలయ్యే రోజున, గురువు విశ్వాసుల నొసట సిలువగా గీస్తాడు. భూస్వామి నొసటికైనా, కూలీ నొసటికైనా రాసేది ఒకే పళ్లెంలోని బూడిద. పటానికి ఆనుకొని ఏడాది గడిపిన ఆకు చివరికి మనిషి ముఖం మీదికి చేరినట్లే, పటానికి చేసిన మర్యాద కూడా పొరుగువాని ముఖం దాకా చేరాలి.