‘మన అమ్మాయిలు’ అన్నప్పుడు

మార్చి చివరికొచ్చేసరికి అమెరికాలో కాలేజీ మహిళల హాకీ సీజన్ అయిపోతుంది. మళ్లీ మొదలయ్యేది సెప్టెంబరు చివర్లోనే. మధ్యలో ఆరు నెలలు ఆట ఉండదు. మాట మాత్రం ఆగదు. హాకీ అనగానే మనకి పచ్చగడ్డి మైదానం గుర్తొస్తుంది గానీ ఇది మంచు మీద స్కేట్లు వేసుకుని ఆడే ఆట. నేనుండే మిన్నియాపొలిస్‌లో దీనికి వీరాభిమానులున్నారు. రిటైరైన టీచర్లు, తమ చిన్నతనంలో ఆడే వీలు దొరకని అమ్మమ్మలు, కూతుళ్లని తెల్లవారుజామున ప్రాక్టీసుకి దింపొచ్చే నాన్నలు. జూన్, జూలై నెలల్లో నలుగురు చేరితే ఇవే కబుర్లు. ఎవరి చదువు అయిపోయింది, కొత్తగా ఎవరొస్తున్నారు, ఎవరు వేరే యూనివర్సిటీకి మారిపోయారు, గోలీ మోకాలి ఆపరేషన్ ఎలా జరిగింది, 2024 జనవరిలో మొదలైన ప్రొఫెషనల్ లీగ్ ఈసారి మనవాళ్లలో ఎవరిని తీసుకుంది.

ఈ కబుర్లకి విలువేమిటి? వీటికి హద్దేమిటి? రెండు ప్రశ్నలూ వేరువేరుగా కనిపిస్తాయి గానీ ఒకదాన్ని వదిలేసి రెండోదానికి జవాబు చెప్పలేం.

ముందు విలువ సంగతి చూద్దాం. రచ్చబండ మీద మగవాళ్లు కూర్చుని మాట్లాడుకుంటే లోకజ్ఞానం. అరుగు మీద ఆడవాళ్లు కూర్చుని మాట్లాడుకుంటే అమ్మలక్కల కబుర్లు. ఈ కొలత మనకి కొత్త కాదు. ఆటల్లోనూ అదే. అమెరికాలో మగవాళ్ల ఫుట్‌బాల్‌కి ఆటలేని నెలల్లో కూడా పేపర్లలో పేజీలుంటాయి, టీవీల్లో గంటలకొద్దీ చర్చలుంటాయి. ఆ ఊసులతోనే ఎంతోమందికి జీతాలొస్తాయి. ఆడపిల్లల హాకీ గురించి జూలైలో రాసే పత్రిక దొరకడం కష్టం. అభిమానులు మాట్లాడుకోకపోతే ఆ ఆరు నెలలూ ఆ టీమ్ లోకంలో లేనట్టే. ఎవరూ జీతమివ్వని, ఎవరూ లెక్కలో వేయని పనితో ఒక విషయాన్ని బతికించి ఉంచడం స్త్రీలకి బాగా తెలిసిన పనే.

లోకంలో లేనట్టే అన్నది ఊరికే అన్న మాట కాదు. 2017 మార్చిలో అమెరికా జాతీయ మహిళల జట్టు, న్యాయమైన వేతనం, సౌకర్యాలు ఇవ్వకపోతే ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఆడబోమని తెగేసి చెప్పింది. మార్చి 28న ఒప్పందం కుదిరింది. దేశమంతా ఆ గెలుపు గురించి మాట్లాడుకుంటుండగానే, మర్నాడు 29వ తేదీన నార్త్ డకోటా యూనివర్సిటీ తన మహిళల హాకీ టీమ్‌ని రద్దు చేసింది. కారణం బడ్జెట్ అంది. ఆ పోరాటంలో ఉన్న కవల అక్కచెల్లెళ్లు జోస్లిన్, మొనీక్ లమూరూలు ఆ టీమ్‌లో ఆడి ఎదిగినవాళ్లే. 2018 ఫిబ్రవరిలో ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్ ఫైనల్లో మొనీక్ గోల్ చేసి స్కోరు సమం చేసింది. షూటౌట్‌లో జోస్లిన్ వేసిన గోల్‌తో అమెరికాకి 1998 తర్వాత మళ్లీ బంగారు పతకం వచ్చింది. ఆ బంగారం కూడా వాళ్ల యూనివర్సిటీ టీమ్‌ని వెనక్కి తేలేకపోయింది.

2021లో పిట్స్‌బర్గ్ దగ్గరి రాబర్ట్ మోరిస్ యూనివర్సిటీ కూడా ఇదే పని చేసింది. ఆ ఏడాదే జాతీయ టోర్నమెంటులో ఆడొచ్చిన మహిళల టీమ్‌నీ, దాంతోపాటు పురుషుల టీమ్‌నీ మే నెలలో తీసేసింది. అక్కడ అభిమానులు, పాత క్రీడాకారులు, తల్లిదండ్రులు ఊరుకోలేదు. చందాలు పోగుచేశారు, పట్టుబట్టారు. 2023-24 సీజన్‌లో రెండు టీమ్‌లూ మళ్లీ మంచు మీదకి వచ్చాయి.

తేదీలు గమనించారా? మార్చి నెలాఖరు, మే నెల. స్టేడియం నిండా జనం ఉన్నప్పుడు ఎవరూ టీమ్‌ని రద్దు చేయరు. కుర్చీలు ఖాళీ అయ్యాకే కత్తెర బయటికి తీస్తారు. చదువుల్లో లింగవివక్ష కూడదన్న టైటిల్ నైన్ చట్టం 1972లో వచ్చింది. మగవాళ్ల కాలేజీ హాకీకి జాతీయ ఛాంపియన్‌షిప్ 1948లోనే ఉంటే, ఆడవాళ్లకి అది 2001లో గానీ రాలేదు. యాభై మూడేళ్లు ఆలస్యంగా వచ్చిన దాన్ని ఒక్క మధ్యాహ్నం సమావేశంలో తీసేయగలిగినప్పుడు, ఆటలేని కాలపు కబుర్లు కాలక్షేపమని ఎలా అంటాం?

ఇక హద్దు సంగతి. ఈ అభిమానుల నోట ఎప్పుడూ వినిపించే మాట ‘మన అమ్మాయిలు’. ప్రేమగానే అంటారు. కానీ తెలుగింట్లో పెరిగిన ఆడదానికి ఆ ‘మన’ ఎంత ఖరీదైనదో తెలుసు. మన పిల్ల అన్న చోటే ఎక్కడికెళ్లింది, ఎవరితో వెళ్లింది, ఒళ్లెందుకు చేసింది, ఇంత ఆలస్యమెందుకైంది అన్నవన్నీ మొదలవుతాయి. ఇక్కడా అంతే. మోకాలి గురించి మొదలైన మాట ఆ అమ్మాయి బరువు మీదికి పోతుంది. ఒక సీజన్ మధ్యలో సెలవు పెట్టిన పిల్ల మనసు ఎందుకు బాగోలేదో తలా ఒక కథ చెబుతారు. వాళ్ల వయసు పంతొమ్మిది, ఇరవై.

అన్నిటికంటే కోపం టీమ్ మారినవాళ్ల మీద. 2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక మారడం సులువైంది, నింద కూడా పెరిగింది. ‘విశ్వాసం లేదు’ అంటారు. లమూరూ అక్కచెల్లెళ్లు కూడా మొదటి ఏడాది మిన్నెసోటాలో ఆడి, తర్వాత సొంతూరు గ్రాండ్ ఫోర్క్స్‌లోని నార్త్ డకోటాకి మారినవాళ్లే. ఇంటికి దగ్గరగా చదువుకోవాలనుకోవడం ద్రోహమా? మంచి జీతానికి కోచ్ వెళ్లిపోతే ఎదుగుదల, ఆడపిల్ల వెళ్లిపోతే విశ్వాసరాహిత్యం. వీటిని వేరువేరు తూకపురాళ్లతో తూస్తున్నది ఎవరు?

2021 జూలై నుంచి కాలేజీ క్రీడాకారులు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు కదా, డబ్బు తీసుకుంటున్నారు కాబట్టి మాట పడాలి అనేవాళ్లున్నారు. పెద్దమొత్తాలు పోయేది ఫుట్‌బాల్‌కీ పురుషుల బాస్కెట్‌బాల్‌కీ అన్నది అలా ఉంచండి. కూలి ఇచ్చినంత మాత్రాన మనిషి మొత్తాన్నీ కొనుక్కున్నట్టా? ఇంట్లో పనిచేసే మనిషి విషయంలో ఒప్పుకోని తర్కాన్ని ఇక్కడ ఎలా ఒప్పుకుంటాం?

అయితే మాట్లాడటమే మానేద్దామా? మానేస్తే నార్త్ డకోటాలు పెరుగుతాయి. తెలుగులో రెండు మాటలున్నాయి. కనిపెట్టుకుని ఉండటం, కాపలా కాయడం. బాలింతని కనిపెట్టుకుని ఉంటాం. ఖైదీకి కాపలా కాస్తాం. రెండింట్లోనూ కళ్లు తెరిచే ఉంటాయి. తేడా ఎక్కడంటే, జవాబు ఎవర్ని అడుగుతున్నామన్న దగ్గర. ఆ మోకాలి గురించే చూడండి. ‘ఎప్పటికి తిరిగొస్తుంది, ఇక పనికొస్తుందా’ అన్న ప్రశ్నకి ఆ అమ్మాయి జవాబు చెప్పుకోవాలి. ‘దెబ్బ పూర్తిగా మానకముందే ఆడించారా, ఆడలేకపోతే స్కాలర్‌షిప్ ఉంచుతారా’ అన్న ప్రశ్నకి యూనివర్సిటీ జవాబు చెప్పాలి. ఆరా అదే. దిశ మారింది. అధికారం ఉన్నవాళ్ల వైపు తిరిగితే అది నిఘా కాదు, బాధ్యత. ఇరవై ఏళ్ల పిల్ల వైపు తిరిగితే, ఎంత ప్రేమతో తిరిగినా, అది ఆమె భుజాల మీద ఇంకో బరువు.

ఈ గీత ప్రతిసారీ స్పష్టంగా ఉండదు, నిజమే. ఇష్టమైనవాళ్లకి దెబ్బ తగిలితే ముందు గుండె అడుగుతుంది, ఆ తర్వాతే బుద్ధి. ఆ మొదటి ప్రశ్న అడగడం నేరం కాదు. జవాబు మనకి రావలసిన బాకీ అనుకోవడం దగ్గరే తప్పు మొదలవుతుంది.

పోనీ, ప్రతి మాటా బాధ్యతగానే మాట్లాడాలా అంటే, అదీ అక్కర్లేదు. ‘పాపం, ఆడపిల్లల ఆట కదా, ప్రోత్సహిద్దాం’ అని చూసేవాళ్లకంటే, 2012-13లో 41 మ్యాచ్‌లూ గెలిచిన మిన్నెసోటా గొప్పదా, 2025 ఫైనల్లో ఇంకో పంతొమ్మిది సెకన్లు కూడా లేవనగా పెనాల్టీ షాట్‌తో సమం చేసి ఓవర్‌టైమ్‌లో కప్పు పట్టుకెళ్లిన విస్కాన్సిన్ గొప్పదా అని జూలై ఎండలో గొంతు చించుకునేవాళ్లే నాకు నచ్చుతారు. ఆ వాదనలో దయ లేదు. ఆటని ఆటగా లెక్కచేయడం ఉంది. స్త్రీల పనికి మనం ఇవ్వగలిగిన గౌరవాల్లో గట్టిగా పోట్లాడుకునేంత శ్రద్ధ ఒకటి.

‘మన అమ్మాయిలు’ అన్న మాటని వదులుకోమని నేను అనను. దాన్ని తలకిందులు చేయమంటాను. వాళ్లు మనవాళ్లు కాబట్టి మనకి జవాబు చెప్పాలని కాదు. వాళ్లు మనవాళ్లు కాబట్టి వాళ్ల తరఫున జవాబు అడగవలసినవాళ్లం మనమే. వాళ్లు వేరే టీమ్‌కి వెళ్లిపోయాక కూడా.