మనవారు ఎవరు?



సినిమాను గురించి ఈ పత్రికలో వ్రాయడం కొందరు పెద్దలకు నచ్చకపోవచ్చును. అయితే పిల్లవానికి ఏది తెలుసో అక్కడినుండే పాఠం మొదలుపెట్టాలని ఉపాధ్యాయ శిక్షణలో మాకు నేర్పించారు. ఇప్పుడు ఆ పిల్లవాణ్ణి నేనే. మా మనవడు చూపించిన ఒక ఇంగ్లీషు చిత్రం వలన, నేను చేసిన ఒక పని నాకు అర్థమయింది.

చిత్రం పేరు ‘కంటేజియన్’. 2011లో స్టీవెన్ సోడర్‌బర్గ్ తీశారు. గబ్బిలం నుండి పందికి, పంది నుండి మనిషికి వచ్చిన ఒక క్రిమి లోకమంతా వ్యాపించి లక్షలాదిమందిని చంపుతుంది. కరోనా వచ్చిన 2020లో ఎంతోమంది దాన్ని మళ్లీ వెతికి చూశారు. అందులో చీవర్ అనే పెద్ద డాక్టరు ఉన్నాడు. రోగాన్ని అరికట్టే ప్రభుత్వ సంస్థకు అధికారి. షికాగో నగరాన్ని మూసివేయబోతున్నారని అతనికి ముందే తెలుస్తుంది. వెంటనే తాను పెళ్లాడబోయే స్త్రీకి ఫోను చేసి, ఊరు విడిచి వచ్చెయ్యమని, ఎవరికీ చెప్పవద్దని అంటాడు. ఆఫీసు ఊడ్చే మనిషి ఆ మాటలు వింటాడు. తనకూ కుటుంబం ఉన్నదని మాత్రం గుర్తుచేస్తాడు.

అక్కడ నేను తల దించుకున్నాను. ఎందుకో చెబుతాను.

2020 మార్చి 20, శుక్రవారం సాయంత్రం, తెలిసినవాడొకడు నాకు ఫోను చేశాడు. రైళ్లు ఆగిపోవచ్చును, ఊరికి పోయేవాళ్లుంటే ఈ రాత్రికే పొమ్మన్నాడు. నేను పక్క గల్లీలో ఉన్న మా తమ్ముడి ఇంటికి వెళ్లి, వాళ్లను సికింద్రాబాదు బండి ఎక్కించి వచ్చాను. “ఎవరితో అనకండి, గుంపు పెరుగుతుంది” అని కూడా చెప్పాను. 22వ తేదీన రైళ్లు ఆగిపోయినవి. 25 నుండి దేశమంతా లాక్‌డౌన్.

మా ఖోలీకి, పక్క ఖోలీకి మధ్య ఒకే గోడ. అక్కడ ఇద్దరు పిల్లలతో ఉండే ఒక విధవరాలు, నాలుగు ఇళ్లలో పని చేసుకొని బ్రతికేది. పాలమూరు వైపు ఊళ్లో తల్లికి బాగాలేదని ఆ వారమే నాతో చెప్పింది. ఆమె తలుపు తట్టాలని నాకు తోచలేదు. ఏప్రిల్‌లో ఆ తల్లి చనిపోయింది. కూతురు చివరి చూపుకు నోచుకోలేదు.

అప్పుడు నా మనస్సుకు నేను మూడు సమాధానాలు చెప్పుకొన్నాను. మొదటిది, ఎవడైనా తనవారినే ముందు చూసుకుంటాడు. ఇది అబద్ధం కాదు. తమ్ముణ్ణి మరచి లోకాన్ని ప్రేమిస్తానన్నవాణ్ణి నేను నమ్మను. రెండవది, అది రూఢియైన వార్త కాదు గదా. మూడవది, అందరికీ చెబితే స్టేషనులో తొక్కిసలాట అవుతుంది, రోగం పల్లెలకు పోతుంది. ఇందులోనూ నిజం ఉన్నది. 1994లో సూరతులో ప్లేగు అనగానే జనం లక్షలుగా పారిపోయారు. భయం వాళ్లతోపాటే బండెక్కి ఊరూరా దిగింది.

కాని ఈ సమాధానాలను ఒక త్రాసులో పెట్టి చూడండి. ఆ వార్త నమ్మదగనిదైతే, తమ్ముణ్ణి ఎందుకు బండి ఎక్కించాను? పల్లెకు రోగం పోతుందని భయమైతే, మా తమ్ముడి పిల్లలు వెళ్లింది కూడా పల్లెకే గదా? తమ్ముడికి ఒక తూకం, పొరుగింటికి ఒక తూకం వాడాను. తమ్ముడికి చెప్పడం తప్పు కాదు. “ఎవరితో అనకండి” అన్నానే, అదీ తప్పు.

మన కామాటిపురలో ఈ ప్రశ్న కొత్తది కాదు. నిజాం సీమనుండి వచ్చి ఈ నగరపు కట్టడాలకు రాళ్లు మోసిన కామాటీల పేరే ఈ పేటకు నిలిచింది. 1896 సెప్టెంబరులో మాండ్వీలో డాక్టర్ వీగాస్ ప్లేగును గుర్తించారు. కొద్ది నెలల్లోనే దాదాపు సగం నగరం ఖాళీ అయినది. మనకు కూతవేటు దూరాన బైకుల్లాలో, గ్రాంట్ మెడికల్ కాలేజీలో హాఫ్‌కిన్ అనే శాస్త్రవేత్త ప్లేగు టీకా తయారుచేసి, 1897 జనవరి 10న మొదట తన ఒంటికే పొడిపించుకొన్నారు. ఆ చిత్రంలో కూడా ఒక డాక్టరమ్మ అలాగే చేస్తుంది. అదే సంవత్సరం మార్చిలో పూణె దగ్గర సావిత్రిబాయి ఫూలే, ప్లేగు తగిలిన ఒక పిల్లవాణ్ణి వీపున మోసుకొని తన పెంపుడు కొడుకు నడిపే వైద్యశాలకు చేర్చారు. ఆ రోగం ఆమెకు అంటి, మార్చి 10న కన్నుమూశారు. ఆ పిల్లవాడు ఆమె కన్నబిడ్డ కాడు. ఆమె ఉపాధ్యాయురాలు. నేనూ ఉపాధ్యాయుణ్ణే. అందుకే ఆ సంగతి నన్ను మరీ గ్రుచ్చుతుంది.

మనమందరం అలా ప్రాణం పెట్టాలని నేను అనను. అది నాకే చేతకాలేదు. కాని చాల్‌లో బ్రతికినవారికి ఒక సంగతి వేరే బోధించనక్కరలేదు. పది ఇళ్లకు కలిపి మరుగుదొడ్లు, ఒకే నల్లా, ఒకే మెట్లు. పక్కింటివాడి జ్వరం నా జ్వరమే. గల్లీలలో ఒళ్లమ్ముకొని బ్రతికే స్త్రీలను మనం ఏనాడూ పొరుగువారని లెక్కించలేదు. వాళ్లకు గుర్తింపు పత్రాలు అడగకుండా రేషను ఇమ్మని చెప్పడానికి 2020 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కావలసి వచ్చింది. వారి గుమ్మాలు దాటుకొనే మనం ఆదివారం ఆరాధనకు వెళ్తాము.

చిత్రంలో చీవర్ చివరికి తన వంతు టీకాను ఆ ఊడ్చే మనిషి కుమారునికి వేస్తాడు. పోయిన మాట దానితో వెనక్కి రాదు. అయినా అతడు ఊరుకోలేదు.

నేనూ ఆ మరునాడు పక్కింటి తలుపు తట్టాను. జరిగింది చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నది: “మీరు చెప్పినా బండికి పైసలు యాడున్నయి సారూ?”

ఆ పైసలు ఆ రాత్రి నా బీరువాలో ఉన్నవి. ఆ మాట కూడా చెప్పాను. మే నెలలో మా ఇంటామెకు జ్వరం వచ్చి మేము గడప దాటలేనప్పుడు, పది రోజులు మా తలుపు దగ్గర గంజి గిన్నె పెట్టి వెళ్లింది ఆమెయే. తనవారెవరు అని ఆమె అప్పుడు లెక్క చూసుకోలేదు.

మరో రోగం రాకమానదు. ఆనాడు మీ చెవిన ఒక వార్త పడితే, మీవారికి తప్పక చెప్పండి. కాని చెప్పేముందు, ఇదే మాట గోడ అవతల చెప్పగలనా అని ఒక్కసారి అడుగుకొనండి. చెప్పగలిగితే వెళ్లి ఆ తలుపు తట్టండి, చేతిలో బండి ఖర్చు కూడా పెట్టుకొని తట్టండి. చెప్పలేనిదైతే, మీవారికి చెప్పడం సరియేనా అని మళ్లీ ఆలోచించండి.