భయమునకు మందు

భయము కలిగినపుడు గుండె కొట్టుకొనుట యెల్లవారికిని అనుభవమే. కాని కొందఱికి పులియు లేక పామును లేక, భోజనము చేయుచుండగనో శయ్యపై పరుండియుండగనో, అకస్మాత్తుగా గుండె దడదడలాడును, ఊపిరి చాలదు, చేతులు తిమ్మిరెక్కును, ఇదియే తుదిఘడియ యని తోచును. వైద్యుడు పరీక్షించి "గుండెలో ఏమియు లేదు" అనును. ఇంటివారు ఆ మాటను పట్టుకొని "నీకు ఏమియు లేదు" అందురు. ఈ రెండు వాక్యములకును గల భేదము చిన్నది కాదు. మొదటిది అవయవమును గూర్చినది. రెండవది మనుష్యుని బాధను గూర్చినది. కారణము కంటికి కనబడనంత మాత్రమున బాధ అసత్యమగునా? గుణము నిర్ధారణ కాని మందును, అది ఊరట గలిగించుచున్నదను కారణముచేత ఈయవచ్చునా? ఈ రెండు ప్రశ్నలను విచారించుటకు చీనాదేశపు ప్రాచీనవైద్యము మంచి తావు.

చీనాభాషలో "షిన్" అను నొక్క మాటకే గుండె యనియు మనస్సనియు రెండర్థములు కలవు. ఇంచుమించు 2000 సంవత్సరముల క్రిందట సంకలితమైన "హువాంగ్‌డీ నైజింగ్" అను వైద్యగ్రంథము దేహమును రాజ్యముగను, హృదయమును రాజుగను భావించి, చైతన్యమునకు అదియే నివాసమని చెప్పినది. ఇది మనకు వింత గాదు. మనమును గుండెధైర్య మందుము, గుండె జారినదందుము. హృదయశబ్దము మనకును మాంసపిండమునకు మాత్రమే చెల్లునది కాదు.

హాన్ వంశపు చివరికాలమున, అనగా క్రీస్తుశకము రెండవ శతాబ్దాంతమున నుండిన జాంగ్ జోంగ్‌జింగ్ అను వైద్యుడు ఈ బాధలను వేరువేరుగా గుర్తించెను. నాడి తప్పుచు గుండె అదరువారికి తేనెతో వేచిన అతిమధురము ప్రధానముగా నొక కషాయము. మనస్సు వేగిరపడి నిద్రపట్టనివారికి రేగుజాతి గింజల కషాయము. ఊరక దుఃఖము పొరలివచ్చు స్త్రీకి అతిమధురము, గోధుమలు, రేగుపండ్లు. వీనిలో మిక్కిలి విచిత్రమైనది "పరుగెత్తు పందిపిల్ల" యని పేరుపెట్టిన వ్యాధి. పొత్తికడుపునుండి ఏదియో గొంతుకడకు ఉరికివచ్చి, ప్రాణము పోవునట్లు చేసి, తిరిగి తనంతట తానే శమించుననియు, భయమే దానికి మూలమనియు ఆయన వ్రాసెను. నేటి మనోవైద్యులు ఆకస్మిక భీతివ్యాధి యనుదానికిని దీనికిని గల పోలిక స్పష్టము. దానిని అమెరికా మనోవైద్యులు ప్రత్యేకవ్యాధిగా తమ పట్టికలో చేర్చుకొన్నది 1980లో. అంతకుముందు 1871లో డా కోస్టా అను అమెరికా వైద్యుడు, అంతర్యుద్ధమున పనిచేసిన సిపాయిలయందు ఇట్టి గుండెదడను చూచి దానినొక వ్యాధిగా వర్ణించెను. సిపాయికి వచ్చినపుడు వ్యాధియైనది ఇల్లాలికి వచ్చినపుడు మాత్రము వేషమెట్లగును?

నేటి శరీరశాస్త్రము ఈ బాధ నిజమేయని చెప్పుచున్నది. మెదడు అపాయమును శంకించినంతనే నరములద్వారా గుండెకు ఆజ్ఞ పోవును. మూత్రపిండములపైనుండు గ్రంథులు అడ్రినలిన్ అను ద్రవ్యమును రక్తములోనికి వదలును. గుండె వేగముగా కొట్టుకొనును. ఊపిరి అధికముగా తీయుటచేత రక్తమందలి బొగ్గుపులుసుగాలి తగ్గి, తలతిరుగుటయు వ్రేళ్లు తిమ్మిరెక్కుటయు సంభవించును. రోగి ఈ గుర్తులను చూచి మఱింత భయపడును. ఆ భయము గుండెను మఱింత తఱుమును. కావున గుండెయందు రోగము లేదనుట నిజమే. దడ లేదనుట మాత్రము అబద్ధము.

ఇట్టి బాధకు మందేమి? పండ్రెండవ శతాబ్దమున జన్మించిన జాంగ్ త్సోంగ్‌జెంగ్ అను చీనావైద్యుని చరిత్రలో దీనికి చక్కని యుదాహరణము కలదు. ఒక గృహస్థుని భార్య ప్రయాణములో సత్రపు మేడపై బసచేసెను. ఆ రాత్రి దొంగలు వచ్చి దోచి, ఇండ్లు తగులబెట్టిరి. ఆమె బెదరి మంచముపైనుండి పడిపోయెను. అది మొదలు ఏ చప్పుడు విన్నను మూర్ఛిల్లుచుండెను. ఇంటివారందఱును అడుగు చప్పుడు కానీయక మునివ్రేళ్లపై నడచుచుండిరి. వైద్యులు దీనిని గుండెజబ్బుగా నెంచి జిన్సెంగును, ముత్యములును, మనస్సును నిలుపునను మాత్రలును ఇచ్చిరి. సంవత్సరము గడచినను గుణము లేదు.

జాంగ్ త్సోంగ్‌జెంగ్ వచ్చి, ఆమెను ఎత్తైన కుర్చీపై కూర్చుండబెట్టించి, ఇద్దఱు దాసీలచేత చేతులు పట్టించి, ముందొక చిన్నబల్ల నుంచి, దానిని చూడుమని చెప్పి కఱ్ఱతో కొట్టెను. ఆమె అదరిపడెను. కఱ్ఱతో బల్లను కొట్టినంతమాత్రమున అదరనేల యని యడిగి, కొంత నెమ్మదించిన పిమ్మట మఱల కొట్టెను. అదురు తగ్గెను. మూడు నాలుగు మారులైన తరువాత తలుపును తట్టించెను. ఆమెకు తెలియకుండ వెనుక కిటికీని గీఱించెను. ఆమె తెప్పరిల్లి, ఇదేమి వైద్యమని నవ్వెను. ఆ రాత్రి ప్రొద్దుగ్రుంకినది మొదలు తెల్లవాఱువఱకు తలుపులును కిటికీలును తట్టించుచుండెను. ఒకటి రెండు దినములలో ఆమె ఉఱుము విన్నను బెదరలేదు. ఆయన మాటలను అదివఱకు ఇష్టపడని భర్త, అటుపై ఆయనకు వైద్యము రాదన్నవారిని ఈటె పట్టుకొని తఱుమువాడయ్యెనట!

ఈ కథయందు మందులు ఓడిపోయినవి, తెలివి గెలిచినది. ఇంటివారు ప్రేమచేతనే నిశ్శబ్దముగా నడచిరి. ఆ నిశ్శబ్దమే "చప్పుడు అపాయకరము" అను నమ్మకమును ఆమెకు దినదినము బోధించెను. వైద్యుడు ఆమెను గేలిచేయలేదు, లాలించి మోసగింపనులేదు. భయపడిన వస్తువును ఎదుట నిలిపి పరిచయము చేసెను. నేటి వైద్యుడైనచో చేతులు పట్టించుటకు మాఱుగా ముందు ఆమె సమ్మతిని అడుగును. కాని సూత్రము మాత్రము నేడును భీతివ్యాధులలో గుణమిచ్చునని పరీక్షలయందు తేలినదే.

అట్లయిన మూలికలు పనికిరానివా యని కొందఱడుగుదురు. ఉపశమనము కలుగుచుండగా పరీక్షలేల యని మఱికొందఱందురు. ఆకస్మికభీతి సాధారణముగా కొంతసేపటిలో తనంతట తానే తగ్గును. ఆ సమయమున ఏది మ్రింగినను కీర్తి దానికే దక్కును. ఈ కీర్తిని నమ్మియే పూర్వులు ఇంగిలీకమును హృదయశాంతికై మాత్రలలో వాడిరి. లి గావ్ (1180–1251) అను ప్రసిద్ధవైద్యుని మాత్రలలో అదియే ముఖ్యద్రవ్యము. ఇంగిలీకము పాదరసగంధకముల కూడిక. చీనావైద్యులు వాడు నాభిజాతి వేరు సరిగా శుద్ధి కానిచో గుండెనడకనే చెఱుచును. అతిమధురము సయితము మితిమీఱినచో రక్తపుపోటును పెంచి, పొటాసియమును తగ్గించి, ఏ దడను పోగొట్టవలెనో దానినే తెచ్చును. మొక్కనుండి వచ్చినది కనుక నిరపాయమనుట శాస్త్రము గాదు.

తిరస్కారమును శాస్త్రము గాదు. తు యూయూ అను చీనాపండితురాలు నాల్గవ శతాబ్దపు గ్రంథమున మలేరియాజ్వరమునకు చెప్పిన మూలికను తీసికొని, వేడి తగిలించిన గుణము చెడునేమోయని శంకించి, తక్కువవేడిలో సారము తీసి పరీక్షించి, మనుష్యులకు నిరపాయమో కాదో తెలియుటకై తానే ముందు సేవించెను. 1972లో ఆర్టిమిసినిన్ లభించెను. 2015లో ఆమెకు నోబెల్ బహుమానము వచ్చెను. ఆమె ప్రాచీనగ్రంథమును పూజింపలేదు, పాఱవేయలేదు, ప్రశ్నించినది. గుండెదడకు చెప్పిన కషాయములపైనను సూదిచికిత్సపైనను జరిగిన పరీక్షలు పెక్కు చిన్నవియు లోపభూయిష్ఠములునై యున్నవి. కనుక వానిని సిద్ధౌషధములని చాటుట తగదు.

ఇక ధర్మసూక్ష్మ మొకటి మిగిలియున్నది. గుణము లేదని యెఱిగియు, రోగి ఊరటకై వైద్యుడు పొట్లము కట్టి యీయవచ్చునా? ఇతరవ్యాధుల మాట యెట్లున్నను, ఈ వ్యాధియందు తగదని నా యభిప్రాయము. ఏలయన, తన గుండెను గూర్చిన తప్పుతలంపే ఈ భయమునకు ఆహారము. ఒక తప్పుతలంపును మఱియొక తప్పుతలంపుతో కప్పినచో, రోగి గుండెకు మాఱుగా పొట్లమునకు బానిసయగును. పొట్లము చేతలేని దినమున భయము రెట్టింపగును. ఇచ్చట సత్యము వైద్యుని ధర్మము మాత్రమే కాదు, చికిత్సలో నొక భాగము.

కాని చీనావైద్యునినుండి నేర్చుకొనదగినది మూలికలతో ముగియదు. ఆయన రెండు చేతుల నాడిని నెమ్మదిగా చూచును. నిద్ర యెట్లున్నది, ఆకలి యెట్లున్నది, దుఃఖమేమి యని యడుగును. ఈ శ్రద్ధకు విషము లేదు. మన వైద్యశాలలలోను మన యిండ్లలోను మొదట కొఱవడినది ఇదియే.

కావున గృహస్థులు చేయదగిన పని యిది. దడ యనినవారిని, ముఖ్యముగా స్త్రీలను, "బెదురు" అని త్రోసిపుచ్చక ముందు వైద్యపరీక్ష చేయింపవలెను. రక్తహీనత, కంఠగ్రంథిదోషము, గుండెనడకయందలి లోపము భయమువలెనే కనిపింపగలవు. రొమ్మునొప్పియు చెమటయు మూర్ఛయు నున్నచో క్షణమైనను ఆలసింపరాదు. గుండె బాగున్నదని తేలిన పిమ్మట "ఏమియు లేదు" అనక, ఏమున్నదో చెప్పవలెను. మనోవైద్యుని సాయము కోరుట అవమానము కాదని తెలుపవలెను. బాధను నమ్ముట దయ. మందును ప్రశ్నించుట వివేకము. ఈ రెండింటిలో ఒకదానికొఱకు రెండవదానిని విడువనక్కఱలేదు.