నటికి దక్కవలసిన మర్యాద

1999లో సన్ టీవీలో మొదలై 2001 వరకు సాగిన ‘చిత్తి’ ధారావాహికము జెమినీ టీవీలో ‘పిన్ని’ యను పేర తెలుగువారి యిండ్లకు వచ్చినది. 1978లో ‘కిళక్కే పోగుం రయిల్’తో వెండితెర కెక్కిన రాధిక తమ రాడాన్ సంస్థ పక్షమున దానిని నిర్మించి, ప్రధాన పాత్రను ధరించిరి. ఎలవూరు వంటి సరిహద్దు గ్రామములందలి మనము ఆమెను రెండు భాషలలోను వరుస పెట్టి పిలుచుకొంటిమి. కాని మన యాడబిడ్డ నటించెద నన్నచో, “మన యింటా వంటా లేదు” అందుము. ఆ వృత్తి హీనమైనదైనచో, దానిని చూచి మనము రాల్చిన కన్నీరు మాత్రము గౌరవమైన దెట్లగును? ఫలమును అనుభవించుచు చెట్టును నిందించుట న్యాయము గాదు. పనివేళలు, వేతనము, రక్షణ విచారించుట పెద్దల ధర్మము. ఆ పిదప బిడ్డను ఆశీర్వదించి పంపుటయు ధర్మమే యని మేము తలంతుము.